మూడు కాళ్ళ పీట

మొన్న ఒకరాత్రి దిద్దవలసిన పరీక్ష కాగితాల కట్ట ముందు వేసుకుని, ఏ కాగితం ముందు తీస్తే తలనొప్పి ఆలస్యంగా వస్తుందా అని ఆలోచిస్తూ వుండగా, బల్లమీది ఫోను ఒకసారి మూలిగింది. చూద్దును గదా, ఒక పాత శిష్యుడు పంపిన బొమ్మ. స్విట్జర్లాండు దేశంలో జూరిచ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. కాలేజీలో వున్నప్పుడు ఛందస్సు పాఠమంటే కిటికీలోంచి చూసేవాడు గాని, మనిషి మంచివాడు. ఆరునెలలకోసారి తలుచుకుంటాడు.

బొమ్మలో ఒక అంగడి అద్దం. అద్దం వెనుక నల్లగుడ్డ పరిచిన దిమ్మ. దిమ్మమీద ఒక చెక్క పీట. దానికి మూడే కాళ్ళు. ఒక కొసకు రెండు పొట్టి కాళ్ళున్నాయి. రెండో కొస సన్నబడి పిడిలా ముందుకు సాగింది. మూడోకాలు అటువైపు వుంది. పిడి చివర ఒక చిన్న తల. కళ్ళు అరమూసుకుని, పెదవులు బిగించుకుని, ఎవరిమీదో అలిగినట్టుంది. కూర్చునే చోటు అరిగి అరిగి అద్దంలా మెరుస్తున్నది.

కింద రాశాడు: "మాస్టారూ, ఇది ఆఫ్రికాలో లోబీలనే వాళ్ళ పీటట. నా రెండు నెలల జీతం. కొనమంటారా? మా అమ్మమ్మగారి వంటింట్లో పీట గుర్తుకొచ్చి మనసు లాగేస్తోంది."

తెలుగు ఎమ్.ఏ. చదివినవాణ్ణి ఆఫ్రికా పీట గురించి అడగటం వాడి అమాయకత్వం. తెలియదని చెప్పకుండా, "రెండురోజులు ఆగు" అని జవాబివ్వటం నా అహంకారం. రెండురోజులు కాస్తా మూడువారాలైంది. కాగితాల కట్ట అలాగే వుండిపోయింది. ప్రిన్సిపాలుగారు ఈ పేజీ చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

ముందు ఆ మనుషులెవరో చూద్దాం. పశ్చిమాఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశముంది. 1984 దాకా దానిపేరు అప్పర్ వోల్టా. ఆ దేశపు నైరుతి మూల గావా అనే పట్టణం, దాని చుట్టుపట్ల పల్లెలు లోబీలవి. పక్కనున్న ఐవరీ కోస్టు ఈశాన్యంలోనూ, ఘనా వాయవ్యంలోనూ కూడా వున్నారు. సరిహద్దు గీతలు ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ గీసుకున్నవి. వీళ్ళనడిగి గీసినవి కావు.

వారి కథంతా ఒక నదితో మొదలవుతుంది. ఇంగ్లీషు పటాల్లో నల్ల వోల్టా అని వుండే ఆ నదిని అక్కడివాళ్ళు మూహూన్ అంటారు. 18వ శతాబ్దపు చివరి భాగంలో, నేటి ఘనా వైపునుంచి లోబీల పూర్వులు ఆ నది దాటి పడమటి గట్టుకు వచ్చారు. ఆ దాటడాన్ని వాళ్ళింతవరకూ మరచిపోలేదు. ఏడేళ్ళకోసారి పిల్లలను ఆ నదీతీరానికి తీసుకువెళ్ళి, జోరో అనే దీక్ష యిప్పిస్తారు. దీక్షలో ఏం జరుగుతుందో బయటివాళ్ళకు చెప్పకూడదు. చచ్చిపోయినవాడి ఆత్మ కూడా మళ్ళీ అదే నది దాటి, తూర్పుగట్టున పెద్దలున్న చోటికి తిరిగి వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. అంటే బ్రతుకంతా ఒక గట్టున, మిగతాదంతా మరోగట్టున.

ఇక రెండో సంగతి. మన పీటకు ఇదే ముఖ్యం. లోబీలకు రాజు లేడు. ఓడిపోయి పోగొట్టుకున్నారని కాదు, ఎన్నడూ లేడు. రాజూ సామంతుడూ దండనాయకుడూ కొలువూ ఏమీ లేవు. ఒక్కొక్క కుటుంబం మట్టితో కట్టిన కోటలాంటి ఇంట్లో వుంటుంది. తడిమట్టి వరసమీద వరస పేర్చి, ఒక వరస ఆరాక మరో వరస వేసి, పైన మిద్దె చదును చేస్తారు. ఫ్రెంచివాళ్ళు ఆ ఇళ్ళను సుకాలా అన్నారు. కిటికీలుండవు. మిద్దె ఎక్కటానికి గాట్లు చెక్కిన దుంగే నిచ్చెన. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక బాణం పోయేటంత దూరం వుంటుందని చూచినవాళ్ళందరూ రాశారు. పొరుగువాడంటే ప్రేమే, కాని వాడి విల్లుకు అందకుండా వుండే ప్రేమ!

ఇటువంటి మనుషులను పాలించటం ఫ్రెంచివారికి ఎంత కష్టమైందో వేరే చెప్పాలా? రాజును పట్టుకుంటే రాజ్యం చిక్కుతుంది. రాజే లేనిచోట ఎవరిని పట్టుకుంటారు? ఒక్కొక్క ఇంటితోనూ విడివిడిగా యుద్ధం చేయవలసి వచ్చింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలన్నీ గావా ప్రాంతంలో అలాగే గడిచాయి. వీళ్ళవి విషం పూసిన బాణాలు, వాళ్ళవి తుపాకులు. 1914 నుంచి 1924 దాకా అక్కడ అధికారిగా వున్న హెన్రీ లబురే అనే దొర, ఒకచేత్తో వాళ్ళను అణుస్తూనే మరోచేత్తో వాళ్ళ ఆచారాలన్నీ రాసుకున్నాడు. 1931లో పారిస్‌లో అచ్చయిన ఆయన గ్రంథమే లోబీల గురించి తొలి పెద్ద గ్రంథం. అణచినవాడి పుస్తకం చదివి అణగినవాడిని తెలుసుకోవలసి రావటం ఇంత పెద్ద ప్రపంచంలో ఒక్క లోబీల గతి మాత్రమే కాదు.

ఇంకో మాట. లోబీ అనే పేరుకూడా అంత కచ్చితమైనది కాదు. బిరిఫోర్, దగారా, గాన్, ద్యాన్ మొదలైన ఇరుగుపొరుగు జాతులన్నిటినీ కలిపి లబురే "లోబీ శాఖ" అన్నాడు. అంచేత జూరిచ్ అద్దంలో "లోబీ" అని చీటీ వున్నంత మాత్రాన ఆ పీట ఏ బిరిఫోర్ రైతుదో కాకూడదని లేదు. ఆ చీటీ రాసినవాడికి అది పట్టదు.

ఇప్పుడు పీట దగ్గరికి వద్దాం.

ఆ పీటలో ఎక్కడా అతుకు లేదు. మేకు లేదు, జిగురు లేదు. కొమ్మ చీలిక వున్న దుంగ ఒకటి చూసుకుని, బాడితతో చెక్కుతూ పోతే లోపలినుంచి కాళ్ళూ, పలకా, పిడీ ఒక్కసారే బయటపడతాయి. చెక్కేవాడు ప్రత్యేకంగా ఒక కులంవాడు కాడు. వానాకాలంలో జొన్నా సజ్జా పండించుకునే రైతే, ఎండాకాలంలో చేతికి బాడిత తీసుకుంటాడు. చేయి బాగా తిరిగినవాడి పేరు పక్క ఊళ్ళకు పాకుతుంది. గావా ప్రాంతంవాడే సికిరే కంబిరే అనే శిల్పి ఫ్రెంచి పాలనాకాలంలో ఎంత పేరు పొందాడంటే, తెల్లవాళ్ళు కూడా ఆయనచేత బొమ్మలు చెక్కించుకున్నారు. ఇలా చెక్కించుకున్నవాటిలో కొన్ని తరువాత ఐరోపాలో "పురాతన పూజావిగ్రహాలు" అయిపోయి వుంటే నేను ఆశ్చర్యపోను.

మూడు కాళ్ళ పీట మగవాడిది. నాలుగు కాళ్ళది ఆడవారిది. మూడు, నాలుగు అన్నవి అక్కడ ఉత్త అంకెలు కావు. ఆ ప్రాంతపు చాలా జాతుల్లో మూడు పురుషసంఖ్య, నాలుగు స్త్రీసంఖ్య. పుట్టినప్పటి ఆచారాల్లోనూ చచ్చినప్పటి ఆచారాల్లోనూ మగవాడైతే మూడు, ఆడదైతే నాలుగు లెక్క. ఎందుకలా అంటే తలో కారణం చెబుతారు. నాకు నచ్చిన కారణం ఎవరూ చెప్పలేదు గనుక నేనే చెబుతాను. మూడు కాళ్ళది ఏ మిట్టపల్లాల మీదనైనా కదలకుండా నిలబడుతుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద వుంటాయని మా లెక్కల మాస్టారు సెలవిస్తారు. నాలుగు కాళ్ళది చదునైన నేల దొరికితే గాని కుదురుగా కూర్చోదు. మగవాడు పొలంగట్టునా, సంతలోనూ, ఇంకొకరి వాకిట్లోనూ కూర్చునేవాడు. ఆడవాళ్ళ పీట వుండేది అలికి చదునుచేసిన ఇంటినేలమీద. ఇది నా ఊహ మాత్రమే సుమా, గ్రంథాల్లో వెతక్కండి.

మగవాడు ఊళ్ళోకి బయలుదేరితే పీటను భుజానికి తగిలించుకుంటాడు. పలక వీపువైపు, పిడి ఛాతీవైపు. మనలో పెద్దవాళ్ళు కండువా లేకుండా గడప దాటేవారు కాదు చూడండి, అలా అన్నమాట. విల్లూ అంబులపొదీ తరువాత మగవాడి వంటిమీద కనబడే సామానుల్లో ఇదొకటి. సంతకు వెళ్తే అక్కడ ఆడవాళ్ళు జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, కాచి, పులియబెట్టిన పానీయం కుండలతో పెట్టుకుని అమ్ముతూ వుంటారు. కుండచుట్టూ తలో పీటా వాల్చి, సొరకాయ బుర్ర చేతులు మార్చుకుంటూ తాగుతారు. ఎవరి పీట వారిదే. ఇంకొకడి పీటమీద కూర్చోవటమంటే ఇంకొకడి చెప్పుల్లో కాళ్ళు దూర్చినట్టు.

మాటా మాటా పెరిగిందనుకోండి. అదే పీట పిడి పట్టుకుని లేస్తే గదలాగా పనికివస్తుంది. పెట్టినది కూర్చోవటానికే అయినా, ఇలా వాడిన సందర్భాలు లేకపోలేదని గ్రంథకర్తలు చాలామంది రాశారు. అంగళ్ళవాళ్ళకు ఈ సంగతి చెడ్డ ఇష్టం. "ఆసనమూ ఆయుధమూ కూడానండీ!" అని కొనేవాడి చెవిలో ఊదుతారు. ధర పెరుగుతుంది.

పిడి చివరనున్న ఆ తల సంగతి చెప్పాలంటే కాస్త దేవతల దగ్గరికి పోవాలి.

లోబీల సృష్టికర్త పేరు థాంగ్బా. ఆయన సృష్టించి దూరంగా వెళ్ళిపోయాడు. మనుషుల మంచిచెడ్డలు చూసుకోవటానికి థీలా అనే కంటికి కనబడని శక్తులను నియమించాడు. ఒక్కటైతే థీల్. థీల్‌కు కోపాలుంటాయి, ఇష్టాలుంటాయి, నిషేధాలుంటాయి. ఫలానా మాంసం తినవద్దంటుంది, ఫలానా పని చేయవద్దంటుంది. రాజు లేని దేశంలో చట్టం చేసేది ఎవరయ్యా అంటే ఈ థీలాలే. థీల్ ఏమంటున్నదో తెలుసుకోవటానికి థీల్దార్ అనే సోదెగాడి దగ్గరకు వెళ్తారు. వెళ్ళినవాడు తన కష్టం చెప్పుకోడు. నోరు మెదపకుండా కూర్చుంటాడు. సోదెగాడు వాడి చేయి తన చేతిలో పట్టుకుని, కనబడని థీల్‌ను ప్రశ్నమీద ప్రశ్న వేస్తూ పోతాడు. కూతురి సంగతా? కాదు. పశువులా? కాదు. చచ్చిపోయిన మేనమామా? జోడించిన చేతుల కదలికే జవాబు. తరువాత గవ్వలు వేసి సరిచూసుకుంటాడు.

గవ్వలంటే జ్ఞాపకం వచ్చింది. ఆ గవ్వలు లోబీల దేశంలో పుట్టేవి కావు. సముద్రమే వాళ్ళకు దూరం. పశ్చిమాఫ్రికా నిండా శతాబ్దాలపాటు డబ్బుగా చెలామణి అయిన గవ్వల్లో పెద్దభాగం మన దక్షిణాన మాల్దీవులలో ఏరినవి. హిందూ మహాసముద్రం మీదుగా ఓడలకెక్కి, ఐరోపా చుట్టి, ఆఫ్రికా చేరాయి. ఎందుకు చేరాయంటే, బానిసలను కొనటానికి! మన పిల్లలు అష్టాచెమ్మాకు వేసే గవ్వకూ, గావాలో సోదెగాడు వేసే గవ్వకూ పుట్టిల్లు ఒకటే కావచ్చు. ఫ్రెంచి నాణేలు వచ్చిన తరువాత కూడా లోబీలు గవ్వలను వదల్లేదు. కన్యాశుల్కానికీ చావు తంతుకూ అవే కావాలి.

థీల్‌కు శరీరం లేదు. అది శరీరం కోరుతుంది. అప్పుడు కర్రతో బొమ్మ చెక్కించి పెడతారు. దానిపేరు బతేబా. జూరిచ్‌లోనే రీట్‌బెర్గ్ మ్యూజియంవారు 1981లో లోబీల కళ మీద ఒక ప్రదర్శన పెట్టి, పీట్ మేయర్ అనే పండితుడి గ్రంథం అచ్చువేశారు. నా శిష్యుడు నడిచి వెళ్ళి చూడగలిగినంత దగ్గర! ఆ గ్రంథం వచ్చేదాకా ఈ బొమ్మలన్నీ పితృదేవతల విగ్రహాలని ఐరోపావారు అనుకునేవారు. మేయర్ వాళ్ళ మధ్య వుండి, వాళ్ళ నోటనే విని, కాదని తేల్చాడు. చాలావరకు ఇవి థీలాలకు ఒళ్ళు. వాటిని జీవమున్నవిగానే ఎంచుతారు. అందులో ఒకరకం బతేబా దుఃఖిస్తున్నట్టు ముఖం పెట్టుకుని వుంటుంది. ఎందుకంటే యజమానికి రావలసిన దుఃఖం అది పడుతుంది. ఇంట్లోవాళ్ళు ఏడవనక్కరలేకుండా మూల కూర్చుని అది ఏడుస్తుంది. ఈ మాట చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

పీట పిడిమీద తల కూడా ఆ బతేబాల తలలాగే వుంటుంది. అదే చేయి, అదే బాడిత, అదే ముఖం. దానిని చూడగానే, "ఇది రక్షకశక్తి, ఇది మంత్రం, ఇది గూఢం" అని వ్యాఖ్యానాలు బయలుదేరతాయి. కొన్ని పీటలకు తల వుంటుంది, చాలావాటికి వుండదు. తల లేని పీట మీద కూర్చున్నవాడు రక్షణ లేనివాడా? మన పందిరిమంచం కోళ్ళకు చిలకలు చెక్కారు గదా అని, మనం చిలకలను పూజిస్తామని ఎవరైనా రాస్తే ఎలా వుంటుంది? ప్రతి చెక్కడానికీ ఒక రహస్యార్థం వుండి తీరాలన్న పట్టుదల, దూరం నుంచి చూసేవాళ్ళకు వచ్చే జబ్బు. మా సాహిత్య విమర్శకులకు కూడా ఇది అప్పుడప్పుడూ తగులుతుంది. పీట మొదట కూర్చోవటానికి. తరువాతే ఏదైనా.

ఆ "తరువాత" ఏమిటంటే, మనిషి చచ్చిపోయిన తరువాత.

ఒక మగవాడు ముప్ఫయ్యేళ్ళో నలభయ్యేళ్ళో ఒకే పీట మీద కూర్చుంటాడు. వాడి చెమటా, వాడు రాసుకున్న నూనే, వాడి బరువూ కలిసి ఆ చెక్కను నల్లగా నున్నగా చేస్తాయి. తరువాత వాడు పోతాడు. బలాఫోన్ అనే కర్రపలకల వాద్యం మోగిస్తారు, గవ్వలు విసురుతారు. ఆ తరువాత వాడి ఆస్తి పంచుకోవాలి. లోబీల్లో ఇది రెండు పాయలుగా పోతుంది. ప్రతివాడికీ తల్లివైపు వంశం ఒకటి, తండ్రివైపు వంశం ఒకటి. ఇంటిపేరు తల్లిది వస్తుంది. కంబూ, హియెన్, దా, పాలే అన్న పేర్లు అక్కడ తరుచు వినబడతాయి, అవన్నీ అమ్మవైపునుంచి వచ్చినవే. పశువులూ గవ్వలూ లాంటి కదిలే ఆస్తి తల్లివంశానికి, అంటే మేనల్లుళ్ళవైపు పోతుంది. ఇల్లూ, ఇంట్లోని పూజాస్థానమూ తండ్రినుంచి కొడుకుకు వస్తాయి. తండ్రి కష్టపడి పెంచిన మంద మేనబావ తోలుకుపోతుంటే కొడుకు చూస్తూ నిలబడాలి.

పీట మాత్రం ఇంట్లోనే వుండిపోతుంది. తండ్రి కూర్చున్న పీటను పెద్దల పూజాస్థానంలో పెట్టి, దానిని ఆయనకు గుర్తుగా చూసుకుంటారు. అది ఇక అందరూ కూర్చునేది కాదు. ఎటుపోయినా మోసుకుపోయినవాడు ఎటూ పోకుండా ఒకచోట కుదురుగా కూర్చున్నాడన్నమాట.

ఇదంతా శిష్యుడికి రాసి, "అంచేత వద్దు" అని ముగిద్దామనుకున్నాను. చేయి ఆగిపోయింది. మా తాతగారికీ ఒక పీట వుండేది. పనసచెక్కది. ఆయన పోయాక ఏమైందని ఇప్పుడెవరన్నా అడిగితే నేను చెప్పలేను. ఇంట్లోకి బల్లలూ కుర్చీలూ వచ్చాయి. పీట దొడ్లోకి వెళ్ళింది. దొడ్లోంచి నీళ్ళపొయ్యిలోకి వెళ్ళే వుంటుంది. మా నాన్నగారు గాని నేను గాని ఆ సంగతి గమనించలేదు. తన తాతపీటను కాచుకోలేనివాడు, ఎవరి తాతపీట గురించో ఇంకొకడికి ధర్మం చెప్పటానికి బయలుదేరాడు!

పైగా వాడి వాదం వాడికుంది. నా జవాబు ఆలస్యమయ్యేసరికి ఒక పెద్ద ఉత్తరమే రాశాడు: "నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు. ఎవరూ కొనకపోతే చెద తింటుంది. నేను జాగ్రత్తగా చూసుకుంటాను గదా మాస్టారూ?" చెద తింటే తిననీ, అది వాళ్ళ చెద, అని కటువుగా రాయబోయి మానుకున్నాను. ఎందుకంటే, పీట ఎలా వచ్చిందో మనకు తెలియదు. కరువులో అమ్ముకున్నాడో, కొత్తమతం పుచ్చుకుని పాతవాటిని వదిలించుకున్నాడో, ఐవరీ కోస్టు కోకో తోటలకు కూలికి పోతూ కొడుకు ప్రయాణపు ఖర్చుకు అమ్మాడో. లేక అర్ధరాత్రి ఎవడో గోడదూకి పట్టుకుపోయాడో. లేక అసలది ఏ తాతా కూర్చున్నదే కాదేమో! కొత్తగా చెక్కి, పొగబెట్టి, నూనెరాసి, మట్టిలో పాతిపెట్టి ముసలితనం తెప్పించే విద్య ఆఫ్రికా అంతటా బాగా సాగింది. అదే నిజమైతే ఆ పీట నిక్షేపంగా కొనుక్కోవచ్చు. దొంగసరుకే ఇక్కడ నిర్దోషమైన సరుకు! చిత్రం కాదూ?

ఇంతలో నాకు మరో లెక్క కనబడింది. లోబీలకు దక్షిణంగా, ఘనా నడిబొడ్డున అసాంటేలనే వాళ్ళున్నారు. వాళ్ళకు రాజున్నాడు. జాతి ప్రాణమంతా వున్నదని వాళ్ళు నమ్మే ఒక బంగారు పీట వుంది. దానిమీద రాజైనా కూర్చోడు. 1900లో ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు గవర్నరు కుమాసీకి వచ్చి, ఆ పీట తెండి, నేను కూర్చోవాలి అన్నాడు. యా అసాంటెవా అనే వృద్ధనాయకురాలు ముందు నడువగా దేశం దేశమే తిరగబడింది. పీట మాత్రం దొరకలేదు, దాచేశారు. చివరకు 1921లో ఇంగ్లీషువారే, మాకు ఆ పీట అక్కరలేదని ఒప్పుకోవలసి వచ్చింది. ఇది రాజుగల పీట కథ.

2017 నవంబరులో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రోన్, లోబీల దేశపు రాజధాని వగదుగు విశ్వవిద్యాలయంలోనే నిలబడి, ఆఫ్రికా వారసత్వ సంపదను ఆఫ్రికాకు తిరిగి యిచ్చేందుకు మార్గం చూస్తామని ఉపన్యసించాడు. విన్న కుర్రవాళ్ళు బుర్కినావాళ్ళు. 2020లో అందుకు ఫ్రాన్సులో చట్టమైంది. 2021లో 26 వస్తువులు ఓడకెక్కకుండా విమానమెక్కి పక్కనున్న బెనిన్ దేశానికి వెళ్ళాయి. 1892లో ఫ్రెంచి సైన్యం అబోమే రాజభవనం నుంచి ఎత్తుకుపోయినవవి. అందులో రాజుల సింహాసనాలున్నాయి. గెజో రాజుదొకటి, గ్లెలే రాజుదొకటి. ప్రజలు బారులుతీరి చూశారు. సంతోషమే. సింహాసనానికి రాజు పేరుంది, దోచినవాడి పేరుంది, దోచిన సంవత్సరముంది. అడగటానికి ఒక ప్రభుత్వముంది.

జూరిచ్ అద్దంలోని పీటకు ఏముంది? దానిమీద కూర్చున్నవాడు ఎవరికీ తలవంచనివాడు, ఎవరిచేతా తలవంపించనివాడు. అంచేత వాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. వాడి తరఫున అడగటానికి రాయబారి లేడు. వాడి మనవడు ఏ కోకో తోటలో వున్నాడో. రాజులేనితనానికి ఫ్రెంచి సైన్యానికి దొరకకుండా తప్పించుకోగలిగిన మనుషులు, అదే రాజులేనితనం వల్ల తమ పీటలను అడిగి తెచ్చుకోలేకుండా వున్నారు.

కాని ఒకటుంది. గావా పట్టణంలోనే ఒక మ్యూజియం వుంది. మదలీన్ పేర్ అనే ఫ్రెంచి విదుషీమణి ఏళ్ళ తరబడి లోబీల మధ్య వుండి, వారిమీద పెద్ద గ్రంథం రాసి, ఈ మ్యూజియం ఏర్పడటానికి తోడ్పడింది. పారిస్‌కు పట్టుకుపోకుండా అక్కడే పెట్టించింది. అక్కడ పీట అద్దం వెనుకనే వున్నా, చూడవచ్చిన పిల్లవాడు "మా తాతకూ ఇలాంటిదే వుండేది" అనగలడు. ఆ మాట అనగలిగిన మనిషి దగ్గర్లో వుండటమే కావలసింది. జూరిచ్‌లో ఆ మాట అన్నవాడు మా శిష్యుడొక్కడే. వాడి అమ్మమ్మ పీట వేరు. అయినా అన్నాడు.

ఇదంతా ఆలోచించాక వాడికి కొనమనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. పిరికితనమంటే అనండి. మూడు ప్రశ్నలు అడిగి రమ్మన్నాను. ఏ ఊరినుంచి వచ్చింది? ఎవరి దగ్గర, ఏ సంవత్సరంలో తీసుకున్నారు? అమ్మినవాడు కూర్చున్నవాడికి ఏమవుతాడు?

శనివారం వెళ్ళాడట. అంగడియజమాని మర్యాదస్తుడు, కాఫీ యిచ్చాడు. చీటీ తిప్పి చదివాడు: లోబీ, బుర్కినా ఫాసో, 20వ శతాబ్దపు పూర్వార్ధం, ఒక ఫ్రెంచి వైద్యుని సేకరణ నుంచి. ఊరు? చీటీలో లేదు. సంవత్సరం? వైద్యుడు పోయాడు, ఆయన కూతురు అమ్మింది. మరి దీనిమీద కూర్చున్నవాడు? యజమాని నవ్వి, "ఎవరో లోబీ" అన్నాడట.

అప్పుడు మావాడికి ఏం బుద్ధి పుట్టిందో, "ఒక్కసారి దీనిమీద కూర్చుని చూడవచ్చా?" అని అడిగాడు.

యజమాని కాఫీ కప్పు కింద పెట్టేశాడట. "అయ్యయ్యో! ఇది కూర్చునేది కాదండీ" అన్నాడట. కంఠంలో నిజమైన కంగారు వుందని మావాడు రాశాడు. గావాలో కొడుకైనా ఆ మాటే అనేవాడు.

వాడు కొనలేదు. డబ్బు చాలకనా, నా ప్రశ్నల వల్లనా అని నేను అడగలేదు. రోజూ ట్రాము దిగి ఆ అంగడి ముందునుంచే ఆఫీసుకు వెళ్తాడు. నిన్న మళ్ళీ ఒక బొమ్మ పంపాడు. పీట ఇంకా అక్కడే వుంది. అద్దం కొత్తగా తుడిచినట్టున్నారు, వీధిలో పోయేవాళ్ళ నీడలు అందులో పడుతున్నాయి. ఇదివరకు పక్కకు తిరిగి వున్న ఆ చిన్న తలను ఎవరో ఇప్పుడు వీధివైపుకు తిప్పి పెట్టారు.